అడగకుండా తెంపే కూర

శివరాత్రి దాటి ఎండ కాస్త ముదిరిందంటే నా చూపు నేల మీదికి దిగిపోతుంది. చేను కౌలుకిచ్చి జహీరాబాద్ వచ్చి ఏడేళ్లవుతున్నా ఈ జబ్బు తగ్గలేదు. రైలు పట్టాల పక్కన గడ్డి చామంతి, నల్లా నీళ్లు కారే చోట గంగవాయిలి, కూలిన గోడ కింద పొన్నగంటి. మొక్క కనబడగానే పేరు నోట్లో మెదులుతుంది. మా పక్కింటి టైలరుగారి భార్య నన్ను చూసి, "ఏం ఆపా, ముక్కుపుల్ల గిట్ల పడిపోయిందా?" అని నవ్వుతుంది. నేనూ నవ్వి ఊరుకుంటాను. చూడడం వరకే నా పని. తెంపి వండి ఎన్నేళ్లయిందో!

ఆ పేర్లన్నీ మా పెద్దమ్మ నేర్పినవే. మా అమ్మకు సొంత అక్క. ఝరాసంగం దారిలో ఆమెను ఇచ్చిన ఊరికే నన్నూ ఇచ్చారు. పెదనాన్న పోయాక, పిల్లలు లేని ఆమెకు నేనే దిక్కు. దిక్కు అంటున్నాను గానీ, నిజానికి నాకే ఆమె దిక్కు. ఇద్దరు పిల్లల పురుళ్లూ ఆమె చేతి మీదే జరిగాయి.

డెబ్బై దాటాక రెండు కళ్లకూ మోతిబిందు వచ్చింది. ఆపరేషన్ చేయించినా ఒక కంటికి మసక పోలేదు. అయినా చేలల్లో వాటంతట మొలిచే ఆకుకూర తెంపడానికి, కూరకు, వెళ్లడం మానలేదు. ఆకును వేళ్లతో నలిపి వాసన చూసేది. అప్పటికీ అనుమానం ఉంటే కొస కొరికి చూసేది. "కండ్లు మోసం చేస్తయి గని నాలిక చెయ్యదు బిడ్డా" అనేది. చెంచలి కొసకు ఒక రుచి, దాని పక్కనే అచ్చం దానిలాగే మొలిచే కలుపుకు ఒక రుచి అని నా చేతా కొరికించింది. నాకు రెండూ ఒకేలా ఉండేవి. "పట్నపోళ్ల నాలికనే నీది" అని వెక్కిరించేది. అప్పటికి నేను పట్నం ముఖం కూడా సరిగ్గా చూసి ఎరగను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. విత్తిన పంట ఆసామిది, విత్తకుండా మొలిచిన కూర అందరిది. ఎవరి చేనులోకైనా వెళ్లి ఒడి నిండా తెంపుకోవచ్చు. అడగనక్కరలేదు. అడిగితే ఆసామికే కోపం వస్తుంది, "మేమేమన్న పిసినారోళ్లమా?" అని. చేనుకు వెళ్లే బాటకు కంప అడ్డం పెట్టడమంటే కూరకు రావద్దని చెప్పడం. మా ఊళ్లో ఎవరో ముసలాయన ఒక్కసారి అలా పెట్టాడట. ఆయన మనవరాలి పెళ్లిలో కూడా జనం "కంపోళ్ల పిల్ల" అన్నారు. అది విన్నప్పుడు నేనూ నవ్వినదాన్నే.

ఒక ఏడాది బోరులో నీళ్లు పడ్డాయని మా ఆయన రెండెకరాలు చెరుకు నాటాడు. నీళ్లు తగలగానే చెరుకు కన్నా ముందు కలుపు లేచింది. కలుపు తీయడానికి మనుషులు దొరకలేదు. జహీరాబాద్ వెళ్లి గడ్డి మందు తెచ్చాడు.

మందు కొట్టే ముందురోజు నేనే అన్నాను, "కూరకొచ్చేటోళ్లుంటరు గద, బాటకు ఇంత కంప పెడదామా?"

"కంప పెడితే ఊరంత ఏమంటది? రెండు రోజులల్ల అంత మాడిపోతది. మాడినంక ఎవరు తెంపుతరు?" అన్నాడు.

తప్పంతా ఆయన మీదికి నెట్టను. ఆ మాట కోసమే చూస్తున్నట్టు నేనూ సరేనన్నాను. నీళ్ల దగ్గర కలిసిన ముగ్గురు ఆడవాళ్లకు మాత్రం, "రేపు మా దిక్కు రాకున్రి, మందు కొడుతున్నం" అని చెప్పాను. పెద్దమ్మకు చెప్పలేదు. మోకాళ్ల నొప్పులతో నెల రోజులుగా ఆమె గడప దాటడం లేదు. ఇంట్లో ఉన్న మనిషికి చెప్పేదేముంది అనుకున్నాను.

మర్నాడు తెల్లవారకముందే మందు కొట్టి వచ్చాడు. పొద్దు కాస్త పైకెక్కాక పెద్దమ్మ కర్ర పొడుచుకుంటూ ఒడి నిండా ఆకుతో మా వాకిట్లో నిలబడింది. ముఖం వెలిగిపోతోంది.

"నీ చెరుకు చేన్ల చెంచలి ఎంత లేతగున్నదే! మంచుకు తడిసి మెరుస్తున్నది. నీకని ఏరి ఏరి తెచ్చిన. కంది పప్పుల ఎయ్యి."

ఏరి ఏరి అంటే కొరికి కొరికి అని నాకు తెలుసు. ఒడి లాక్కుని ఆకంతా పెంట మీద పడేశాను. ఉప్పు నీళ్లు తెచ్చి నోరు కడిగించాను. ఎందుకే, ఎందుకే అని అడుగుతూనే ఉంది. చెప్పాను. ఖాళీ ఒడి దులుపుకుంది. తర్వాత, "నాకొక్క మాట చెప్పకపోతివే" అంది, అంతే.

ఆ రోజే దవాఖానకు తీసుకెళ్లాల్సింది. నాలుగు ఆకులకు ఏమవుతుందిలే అనుకున్నాం. మర్నాటికి నాలుక పుండ్లయింది. మూడో రోజు మూత్రం ఆగిపోయింది. అప్పుడు ఆటో మాట్లాడుకుని బయలుదేరాం. పెద్దమ్మ తల నా ఒళ్లో ఉంది.

దారిలో మా ఆయన గొంతు తగ్గించి అన్నాడు, "గడ్డి మందంటే పోలీసులొస్తరు, కేసయితది. చేన్ల ముచ్చట తియ్యకు. ఏం తిన్నదో తెల్వదను."

పెద్దమ్మ కళ్లు మూసుకునే ఉంది. వినలేదనుకున్నాను.

దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ. నోరు తెరిపించి చూసి ముఖం ముడుచుకుంది. "ఏం తిన్నవమ్మా? ఎక్కడ తెంపినవు? మందు కొట్టిన చేనా?" అని ఓపిగ్గా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది.

వాచిన నాలుకతో పెద్దమ్మ మెల్లగా చెప్పింది. "సడక్ పక్కన... ఏందో ఆకు కొరికిన. ఏం ఆకో నాకు తెల్వదు."

కళ్లు మూసుకుని ఊరి కూరలన్నీ చెప్పగల మనిషి నా ముందర ఆ మాట అంది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నీకేమన్న తెలుసా అమ్మా? మందు పేరు తెలిస్తే మాకు సులువైతది."

మందు పేరు నాకు తెలుసు. డబ్బా మా ఇంటి చూరు కిందే ఉంది. పెద్దమ్మ ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది.

"తెల్వదు మేడం" అన్నాను.

తర్వాత ఊపిరి ఆడడం కష్టమైంది. పదకొండు రోజులు బతికింది. ఆ పదకొండు రోజులూ నేను ఆమె పక్క వదల్లేదు. నోట్లో చెంచాతో నీళ్లు పోశాను, పక్క బట్టలు మార్చాను, ఒళ్లు తుడిచాను. ఒక్కసారి డాక్టరమ్మ గదిదాకా వెళ్లి తలుపు దగ్గర నిలబడి తిరిగి వచ్చేశాను. పేరు చెప్పి ఉంటే బతికేదో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఏ డాక్టరునూ అడిగే ధైర్యం చేయలేదు. బతికేదంటే నేను తట్టుకోలేను.

పెద్దమ్మ దినం రోజు చుట్టాలంతా వచ్చారు. భోజనాల బంతిలో కూర్చున్న పెదనాన్న తరఫు ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "కన్న బిడ్డ గూడ గింత చెయ్యది. నీ పుణ్యం ఊరికె పోదు బిడ్డా" అంది. పక్కవాళ్లంతా అవునన్నారు. నేను తల వంచుకుని ఆమె విస్తరిలో ఇంకొంచెం అన్నం వడ్డించాను.