కుర్చీ మీది తేలుడు కోటు

స్కాట్లండ్‌లోని ఫైఫ్ తీరంలో మాది జాలరి కుటుంబం. యుద్ధకాలంలో మా అక్క ఎఫీ భర్త మర్డో, ఊరి పైనున్న నౌకాదళ స్క్వాడ్రన్‌లో విమానంలోంచి టార్పెడోలు వెయ్యడం నేర్చుకునేవాడు.

ఒక పొద్దున, నీళ్లలో పడితే మునగకుండా కాపాడే తేలుడు కోటును, అక్క పట్టీ కుట్టిపెట్టినదాన్ని, కుర్చీ మీదే మరిచిపోయి వెళ్లాడు. అక్క గుమ్మం దాకా పరుగెత్తింది.

"పిలవకే! సముద్రం మీదికి పోయేవాణ్ణి వెనక నుంచి పిలుస్తారటే?" అంది అమ్మ.

"విమానంలోనే కదమ్మా పోయేది!"

"కిందున్నది సముద్రమేగా! అక్కడ ఇంకోటి ఇస్తార్లే."

అక్క పిలవలేదు. విమానం నీళ్లలో పడింది. అతను ఇంకో కోటు అడగనేలేదట.

యుద్ధమయ్యాక స్క్వాడ్రన్ ఎత్తేశారు. విమానాలు దిగిన ఆ నేలలో బార్లీ వేశారు. అక్క మాత్రం బతికినన్నాళ్లూ గడప దాటిన ప్రతివాళ్లనూ వెనక్కి పిలిచింది.

"ఏమయ్యా పోస్టాయనా, ఏమైనా మరిచావా?"

"నా బుర్ర తప్ప అన్నీ ఉన్నాయి తల్లీ!"

నిన్న అక్కను మోసుకెళ్లారు. నేను పిలవలేదు. లోపలికొస్తే, కుర్చీ మీద ఆమె కళ్లద్దాలున్నాయి.