గురువారం హాజరు

మా బడి కోసం నేను తీయాల్సిన ఫొటోల జాబితాలో పదకొండు అంశాలుండేవి. ఆరు బడి లోపల, ఐదు బడి బయట. ఒక్కోదానికి ఎవరెవరు నిలబడాలి, వెలుతురు ఎటు నుంచి పడాలి, ఎన్ని నిమిషాలు పడుతుంది అన్నవి గడులు గీసి రాసుకున్నాను. ఇంజినీరింగ్ చదివి, మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలోని ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ సారుగా చేరినవాణ్ణి. సొంత కెమెరా ఉన్న పాపానికి ఫొటోలు తీసే పని కూడా నా మీదే పడింది. అడ్మిషన్ల సీజన్‌కు రోడ్డు మీద కట్టే ఫ్లెక్సీలో పిల్లలు లోపలా బయటా ఆనందంగా నేర్చుకుంటున్నట్టు ఉండాలని ప్రిన్సిపాల్ మేడమ్ చెప్పారు.

లోపలి ఆరూ ఒక్క పూటలో అయిపోయాయి. ఆనందం మాత్రం ఒక్కదాంట్లోనూ పడలేదు. కెమెరా ఎత్తగానే పిల్లలంతా ఆధార్ కార్డు ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయేవారు. లైబ్రరీ బీరువా తాళంచెవి పోయి చాలా కాలమైంది కాబట్టి ఇద్దరమ్మాయిలు అద్దం బయటి నుంచే పుస్తకం ఎంచుకున్నారు. సైన్సు ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టడానికి ఏమీ దొరక్క ఒకడి చొక్కా గుండీ పెట్టాం. నలుగురూ దాన్ని భక్తిగా చూశారు.

ఫ్లెక్సీ నడుమ ఉండాల్సినవాడు ముందే ఖాయమయ్యాడు. తొమ్మిదో తరగతి కుర్రాడు. ఏడాది మొత్తంలో ఒక్క పీరియడ్ కూడా మానలేదు. అలా అని చెప్పింది నా సాఫ్ట్‌వేర్. పీరియడ్ పీరియడ్‌కూ హాజరు ఎక్కించే ఆ ప్రోగ్రాం నేనే రాశాను. ఇందులో తప్పు జరగడానికి వీల్లేదని నేను గట్టిగా చెప్పిన మీదటే మేడమ్ కాగితం రిజిస్టర్లను అటకెక్కించారు. కుర్రాడి తండ్రి ఊళ్లో పొలాలున్న మనిషి, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. కొడుకు ఫొటో రోడ్డు మీదకు ఎక్కుతోందని మండలమంతా అప్పటికే చాటేశాడు.

బయటి ఫొటోల కోసం ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి పీఈటీ సారూ నేనూ ఎనిమిది మందిని శామీర్‌పేట చెరువు కట్టకు తీసుకెళ్లాం. నడిచి పోయే దూరమే అయినా, బడి పేరు నలుగురికీ కనిపించాలని బస్సులో వెళ్లాం. నా జాబితాలో ఎండ, మబ్బు, బ్యాటరీ అన్నీ ఉన్నాయి. యూనిఫాం సంగతి లేదు. పగటిపూట కట్ట మీద యూనిఫాంలో పిల్లలు కనిపిస్తే ఇక్కడివాళ్లకు తోచేది ఒకటే, బడి ఎగ్గొట్టారని. మొదటి పావుగంటలో ముగ్గురు బళ్లు ఆపారు. మూడో ఆయన ఒకమ్మాయికి మేనమామ వరస. మాతో ఏమీ మాట్లాడకుండా పిల్లల్ని ఫోన్లో ఫొటో తీసి, ఇంటికి పంపి, ఆ తర్వాత మీరెవరని అడిగాడు. పీఈటీ సారు విజిల్ తీసి చూపించి నమ్మించాల్సి వచ్చింది. ఆ ఉదయం నేను తీసినవాటికన్నా ఆయన తీసిన ఫొటోలోనే పిల్లల ముఖాల్లో భావం ఎక్కువ ఉంది.

తొమ్మిదో అంశం, చెరువును చూస్తున్న విద్యార్థి. ఫ్లెక్సీ కుర్రాణ్ణి రాయి మీద కూర్చోబెట్టి ఫోకస్ సరిచేస్తున్నాను. పక్కన బండి మీద మక్క కంకులు కాల్చే అవ్వ, విసనకర్ర ఆపి వాణ్ణి చూసింది.

“ఏం బిడ్డా, ఇయ్యాల బేస్తారం గాదు గదా. గిట్లొచ్చినవేంది?”

వాడు చెరువు వైపు ఇంకాస్త తిరిగి కూర్చున్నాడు.

“కారం ఎక్వ, నిమ్మకాయ తక్వ, గంతేనా?” అని అడిగి, జవాబు కోసం చూడకుండా ఆమె కంకి తెచ్చి వాడి చేతిలో పెట్టింది. వాడు కంకి పట్టుకుని నా వైపు తలెత్తాడు. నా వేలు దానంతట అదే బటన్ నొక్కింది.

మావాళ్లు కోస్తా నుంచి వచ్చి యాప్రాల్‌లో ఉంటున్నారు. గురువారాన్ని మా ఇంట్లో లక్ష్మీవారం అంటారు, ఇక్కడ బేస్తారం అంటారు. ఏ పేరుతో పిలిచినా ఆ రోజు చివరి రెండు పీరియడ్లు తొమ్మిదో తరగతికి కంప్యూటర్ ల్యాబు. అంటే నా క్లాసు. నలభై రెండు మంది పిల్లలకు పనిచేసే కంప్యూటర్లు పధ్నాలుగు. ఒక్కోదాని ముందు ముగ్గురు గుమిగూడితే ఇద్దరున్నారో ముగ్గురున్నారో తెలియదు. క్లాసయ్యాక మౌసులు, కీబోర్డులు, వైర్లు లెక్కపెట్టి స్టాకు పుస్తకంలో సంతకం చేసేవాణ్ణి. పిల్లల్ని లెక్కపెట్టలేదు. టైం కలిసొస్తుందని ‘అందరూ హాజరు’ అనే బటన్ ఒకటి నేనే పెట్టుకున్నాను. ప్రతి గురువారం దాన్నే నొక్కాను.

వాణ్ణి పక్కకు పిలిచి ఎన్ని వారాలని అడిగాను. ఎనిమిదో తొమ్మిదో అన్నాడు. వెనక గేటు నుంచి పోయి, బడి వదిలే వేళకు మళ్లీ వచ్చేవాడట. ఎందుకని అడిగితే కంకి గింజ ఒకటి ఒలుస్తూ చెప్పాడు.

“మీరు కీబోర్డు షార్ట్‌కట్ల లిస్టు రాపిస్తరు గద సార్. అది నాకు ఆరో క్లాసులనే ఒచ్చు.”

కోపం రావాల్సిన చోట నాకు ఆ లిస్టు పొడవు గుర్తొచ్చింది. అరవై నాలుగు అంశాలు.

“బాపుకు జెప్తరా సార్?”

చెప్పక తప్పదన్నాను.

“మరి హాజరు కొట్టిందెవరో గూడ జెప్పాలె గద సార్,” అన్నాడు, వినయంగానే.

వాడి పరువూ నా ఉద్యోగమూ ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయని అప్పుడు తెలిసింది. మేడమ్‌కు చెప్పాల్సినవి సాయంత్రం ఐదు అంశాలుగా రాసుకున్నాను. మర్నాడు ఆమె గదిలోకి వెళ్లేసరికి రెండు వందల పన్నెండు ఫొటోల్లోంచి ఒకటి ఎంచి పెట్టారు. చేతిలో కంకి, కొద్దిగా తెరిచిన నోరు, పెద్దవైన కళ్లు. ఆ కళ్లలో ఎంత జిజ్ఞాస ఉందో చూడమన్నారు. ఫోకస్ సరిగా కుదరలేదన్నాను. ముక్కు మీద నీడ పడిందన్నాను. నేను రాసుకున్న ఐదింటిలో ఒక్కటీ అనలేకపోయాను.

వారంలో ఫ్లెక్సీ వచ్చింది. వాడి బొమ్మ కింద ‘నూటికి నూరు శాతం హాజరు’ అని ఉంది. కట్టిన చోటు చెరువు మలుపు, సరిగ్గా అవ్వ బండికి ఎదురుగా.

తండ్రి దాన్ని చూడ్డానికి వెళ్లి, అక్కడే నిలబడి చూస్తూ ఒక కంకి కొన్నాడు. తర్వాత జరిగింది ఆయనే మాకు చెప్పాడు. అందులో ఏం రాశారని అవ్వ అడిగిందట. మా పోరడు ఒక్కపూట గూడ బడి మానలేదని రాసిండ్రని ఈయన గర్వంగా చెప్పాడట.

“ఏడ మానలే? బేస్తారం బేస్తారం నా తాననే ఉంటుండె. మంచిగ ముచ్చట పెడ్తడు,” అందట అవ్వ.

ఆయన సగం తిన్న కంకితోనే బడికొచ్చాడు. మేడమ్ నన్నూ కుర్రాణ్ణీ పిలిపించారు. ఇక నా ఐదు అంశాలూ వరసలో చెప్పాను. మూడోది, బటన్ సంగతి వచ్చేసరికి మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఐదోది, ఆమె ఏం చేసినా నాకు సమ్మతమే అన్నది. తండ్రి కొడుకు వైపు చూశాడు, నా వైపు చూశాడు, చివరికి ఫ్లెక్సీ దించుతారా అని అడిగాడు. దించక తప్పదన్నారు మేడమ్.

“రాసింది మార్పియ్యుండ్రి మేడం. బొమ్మ ఉండనియ్యుండ్రి. సుట్టాలందరికి జెప్పిన.”

హాజరు మాట మీద ‘ప్రకృతి ఒడిలో చదువు’ అని స్టిక్కర్ అంటించారు. కాగితం రిజిస్టర్లు అటక దిగాయి. నా ఉద్యోగం మిగిలింది, పేరుపేరునా పిలిచి హాజరు వేయాలన్న షరతు మీద. వాడి ఫోన్ పరీక్షలయ్యేదాకా బాపు జేబులోనే ఉంది. షార్ట్‌కట్ల లిస్టును తగ్గించే పని వాడికే అప్పగిస్తే, అరవై నాలుగింటిని పన్నెండు చేశాడు. కొట్టేసినవాటిని ఒక్కొక్కటీ సరిచూశాను. వాడు కొట్టేసినవేవీ నేను కూడా ఏనాడూ వాడలేదు.

మొన్న ఒక ఆదివారం కట్ట మీద ఆగాను. అవ్వ నన్ను గుర్తుపట్టింది. పిల్లగాణ్ణి బేస్తారం రానివ్వనిది నువ్వేనా అని నిలదీసింది. ఆ రోజు బేరం ఉండదట, మాట్లాడే మనిషి లేక ఒక్కతే కూర్చుంటోందట. వాడికి ఆదివారం సెలవేనని, ఆ రోజు పంపిస్తానని అన్నాను.

“ఆదివారం గిరాకి ఉంటది సారూ, ముచ్చటకు తీరదు,” అంటూ నా కంకికి కారం ఎక్కువే రాసింది.