శకుంతలక్క తుడిచేసిన పాట

పాత వీడియో టేపు మొదట్లో, బొమ్మ రాకముందు, సుయ్యిమనే చప్పుడొకటి ఉంటుంది. మొన్న ఒక ప్రదర్శనశాలలో చీకటి గదిలోకి అడుగు పెట్టగానే అదే వినిపించింది. లోపల కెమెరాను, అది తీసే బొమ్మ కనిపించే టీవీవైపే తిప్పి పెట్టారు. తెరలో తెర, దాంట్లో మరో తెర. దీన్ని వీడియో కళ అంటారని పక్కనున్న కుర్రాడు నాకు ఓపిగ్గా వివరించాడు. నవ్వాపుకోలేకపోయాను. తొంభైల్లో మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మా శకుంతలక్క ఇదే పని చేస్తుంటే, కెమెరా పాడైపోతుందని ఆమె భర్త లబలబలాడేవాడు.

శకుంతలక్కది అక్కడికి దగ్గర్లో, రాజురావైపున్న విరూర్ అనే పల్లె. చంద్రపూర్‌లో పెళ్లి వీడియోల మిక్సింగ్ దుకాణం నడిపేది. భర్త షూటింగులకు తిరిగేవాడు, ఎడిటింగంతా ఈమెదే. మా నాన్న అక్కడి కరెంటు ప్లాంటు ఉద్యోగి. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నేను ఏదో క్యాసెట్ కోసం వెళ్లి, అక్కడే పనికి కుదిరిపోయాను. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజులవి. అందరికీ తమ పెళ్లి కూడా టీవీలో లాగే మెరవాలి. పెళ్లికూతురు గులాబీలోంచి పుట్టడం లాంటివన్నీ మీట నొక్కితే వచ్చేవి. అక్కకు మీటలో లేనిదేదో కావాలి. ఒకరోజు పసుపు గిన్నెను నేలమీద పెట్టి, కెమెరా క్షణం నడిపి ఆపి, గిన్నెను వేలెడు జరిపి, మళ్లీ నడిపి ఆపింది.

"ఏంటక్కా ఇది?"

"నాకేం ఎరుక పిల్లా? ఏమైతదో సూద్దాం."

మధ్యాహ్నమంతా అదే పని. చివరికి టేపు వేసి చూస్తే, గిన్నె తనంతట తాను గునగునా నడుచుకుంటూ పెళ్లిపీట దగ్గరికి పోతోంది! ఇద్దరం చప్పట్లు కొట్టి గంతులేశాం. ఆ తర్వాత రాజురావైపు వాళ్లకు నడిచే గిన్నె లేని క్యాసెట్ క్యాసెట్టే కాదు.

శబ్దం దగ్గరికొచ్చేసరికి మాత్రం అక్క కూడా అందరిలాంటిదే. పెళ్లిలో రికార్డయిందంతా గోల కింద లెక్క. అది తుడిచి సినిమా పాటలు ఎక్కించాలి, అసలు టేపును ఇంకో పెళ్లికి వాడాలి. ఇదేం పద్ధతని ఎవరూ అడగలేదు, మల్లయ్య వచ్చేదాకా.

మల్లయ్య విరూర్ రైతు. ఆ వానాకాలంలో తల్లి పోయింది. చెల్లెలి పెళ్లిలో ఆమె అప్పగింతల పాట పాడింది; ఆమె గొంతు ఈ లోకంలో ఎక్కడైనా మిగిలిందంటే ఆ పెళ్లికి మేం చేసిచ్చిన క్యాసెట్‌లోనే. తెచ్చుకొని ఆశగా కూర్చున్నాడు. వేశాం. తెరమీద తల్లి పెదవులు కదులుతున్నాయి, వినిపిస్తున్నది సినిమా డ్యూయెట్.

"మా అవ్వ పాటేది అక్కా?"

అక్క ముఖం మాడిపోయింది. "నేనే తుడిచేసిన తమ్మీ. అసలు టేపు గూడ లేదు."

అతను తిట్టినా బాగుండేది. లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"థాంబ్, థాంబ్! జరంత కూసో," అని మరాఠీ కలిపి ఆపింది అక్క. "మీ చిన్నవ్వ ఉన్నది గదా? ఆమెను తోల్కరా."

మర్నాడు చిన్నవ్వ, అంటే అతని తల్లికి చెల్లెలు, వచ్చింది. అక్క టీవీ శబ్దం ఆపేసి ఆమె ముందు మైకు పెట్టింది. ముసలామె తన తోబుట్టువు పెదవులు చూస్తూనే, "గీ పాటనా! సూడు, గీడ దమ్ము తీస్కుంటది," అని గొంతెత్తింది. రెండో చరణంలో తెరమీది తల్లి పాడడం మానేసి, కూతురి చెంపలు పట్టుకొని ఊరికే చూస్తోంది. చిన్నవ్వ కూడా ఆగిపోయింది. ఖాళీ వచ్చింది కదా అని నా చెయ్యి అలవాటుగా సంగీతం మీటవైపు పోయింది. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. తెరమీద పెదవులు మళ్లీ కదిలాక గానీ వదల్లేదు.

అంతా అయ్యాక మల్లయ్యకు వినిపించాం. "మా చిన్నవ్వ మంచిగనే పాడింది. అవ్వ గొంతయితే గాదు," అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. అతనే, ఆ పాట ఆగిన చోటికి టేపు వెనక్కి తిప్పమన్నాడు. చూసి, మళ్లీ తిప్పమన్నాడు.

"గీడున్నది మా అవ్వ," అన్నాడు.

ఇప్పుడు నా పని సినిమాలకు శబ్దం కూర్చడం. తెరమీద మనిషి మాట మధ్యలో ఆగిపోతే, అక్కడ ఏదో ఒకటి వెయ్యమని దర్శకులు నాతో గొడవ పడతారు. వెయ్యను. మొండిదాన్నంటారు. శకుంతలక్క దగ్గర పని నేర్చుకున్నదాన్ని, ఇంకెలా ఉంటాను?