ఏడవని బిడ్డ

ఏళ్ళ తరబడి నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. కాదు, నా కోడలి నెత్తిన పెట్టి మోయించాను. మీరు నాకేమీ కారు గనుకే మీకు చెబుతున్నాను.

నా మనవడు పుట్టినప్పుడు ఏడ్చేవాడు కాదు. లేపితే తప్ప పాలకు కూడా లేచేవాడు కాదు. అల్లూరు దగ్గర మా పల్లెలో అలాంటి బిడ్డను బుద్ధిమంతుడంటారు. నేనూ అందరికీ చెప్పుకుని మురిశాను.

పురుడు వెళ్ళేదాకా మా ఇంట్లో నెత్తురు కనబడకూడదు. పడవలో వచ్చిన చేపను కూడా కోయం. ఆసుపత్రి నుంచి బిడ్డను తెచ్చిన మర్నాడే నర్సమ్మ వచ్చింది. మడమన సూదితో గుచ్చి, నెత్తురు చుక్కలు కాగితం మీద పట్టాలంది.

“బిడ్డ బాగానే ఉండాడు గదమ్మా. ఏం రోగమని గుచ్చుతావు?”

“రోగం బయటపడకముందే తెలుసుకునేదానికి పెద్దమ్మా. మందు పనిచేసేది ఇప్పుడే.”

“ఆసుపత్రిలోనే తీసినారులే. ఎన్నిసార్లు గుచ్చుతారు? మనిషివా దోమవా?”

నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నా అబద్ధాన్ని నమ్మింది. కోడలు లోపల నిద్రపోతోంది. నేనలా చెప్పడం ఆచారం మీద భక్తా, నా ఇంట్లో నా మాట కాదనేదెవరన్న పొగరా? పొగరే.

వాడు రెండేళ్ళకీ నడవలేదు. గొంతులో థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే పనిచేయడం లేదని నెల్లూరు డాక్టరు చెప్పాడు. పుట్టగానే తెలిసుంటే రోజుకో చిన్న మాత్రతో అందరి పిల్లల్లా పెరిగేవాడట. ఇప్పుడు మాత్ర వేసినా, మెదడుకు జరిగిన చెరుపు పోదట. ఒక్క మాత్ర! నా ఒళ్ళు మండిపోయింది. నా మీద తప్ప అందరి మీదా కోపం వచ్చింది. ఇంటికి రాగానే అన్నాను, కోడలు కడుపుతో ఉండి గ్రహణం పూట చేపలు కోసింది, అందుకే వీడిలా అయ్యాడని. పల్లెంతా ఆ మాట పట్టుకుంది. గ్రహణానికీ వాడి గొంతుకీ ఏం సంబంధమని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడిగేవాళ్ళు లేకే నాలాంటివాళ్ళు పెద్దమనుషుల్లా చెలామణి అవుతారు.

కోడలు నమ్మింది. అప్పటినుంచి కత్తిపీట ముట్టలేదు. చేపలు పట్టే ఇంట్లో చేప కోయని కోడలని దానికీ నేనే ఎగతాళి చేశాను. ఎంత గుండె నాది?

మనవడి పలక పక్కన కూర్చుని నేను అక్షరాలు నేర్చుకున్నాను. నాకు వచ్చాయి. వాడికింకా రాలేదు.

కోడలు మళ్ళీ కడుపుతో ఉంది. మొన్న గ్రహణానికి తలుపులు మూసుకుని, దప్పికైనా నీళ్ళు ముట్టకుండా, కాలు కూడా కదపకుండా కూర్చుంది. ఇక చూడలేకపోయాను. నర్సమ్మ వచ్చిందనీ, అబద్ధం చెప్పి పంపేశాననీ, గ్రహణం వల్లే వాడిలా అయ్యాడన్న మాట నేనే కల్పించాననీ చెప్పేశాను.

కోడలు లేచి నీళ్ళు తాగింది. కత్తిపీట కడిగింది. గ్రహణం విడవకముందే చేపలు కోయడానికి కూర్చుంది. నా వైపు చూడలేదు.

క్షమించమని అడగను. ఈసారి బిడ్డ మడమ నేనే పట్టుకుంటానని కూడా అనను. ఆ బిడ్డను నా చేతికిస్తుందో లేదో. ఆ అబద్ధం మాత్రం ఇప్పుడు నా నెత్తిన ఉంది. ఉండాల్సిన చోట.