చీనీకాయల మీద తోలిన లారీ

సరుకు పోయే తీరు మారింది, దేశం ముందుకు పోయిందని ఎవరైనా గొప్పలు చెబితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట వచ్చి మా నాయన ముందర చెప్పమంటాను.

మాది వేముల దగ్గర పల్లె. నాయన ఎద్దుల బండి తోలేవాడు. మా తోటలో కాసే చీనీకాయలైనా, అదే బత్తాయిలైనా, చుట్టుపక్కల ఊళ్లవాళ్ల శనక్కాయలైనా ప్రొద్దుటూరు మండీకి చేర్చేవాడు. దారిలో ఏ ఊళ్లో ఆగినా ఎద్దులకింత గడ్డి వేసేవాళ్లు, నువ్వెవరి మనిషివని అడిగినవాడు లేడు. తర్వాత తారురోడ్డు పడింది, లారీలొచ్చాయి, మా ఎద్దులు సంతకు పోయాయి. పార్టీల పీడ కూడా అప్పుడే పట్టుకుంది. మా వైపు ఊళ్లలో తిరిగే లారీ అద్దానికి మా వైపు నాయకుడి బొమ్మ ఉండాలి, అవతలి ఊళ్లలో అవతలివాడి బొమ్మ. లేకపోతే కదలనివ్వరు. డ్రైవర్లు రెండు బొమ్మలూ సీటు కింద పెట్టుకుని, పొలిమేర చూసి మార్చుకునేవాళ్లు. థూ, ఏం బతుకది!

ఆ ఏడు తోట విరగకాసింది. బావి అప్పటికే అడుగంటింది. ఈ కాపు అమ్మి బోరు వేయిస్తే తోట నిలుస్తుంది, లేకపోతే ఎండాకాలానికి పోతుంది. నాయన లారీ మాట్లాడి లోడు ఎత్తించాడు. నన్ను ప్రొద్దుటూరులో అత్తగారింట్లో దింపుదామని క్యాబిన్‌లో ఎక్కించుకున్నాడు. డ్రైవరు జమ్మలమడుగువాడు, ఈ దారికి కొత్త.

"బొమ్మ ఎప్పుడు మార్చాల పెద్దాయనా?" అన్నాడు.

"వంక దాటితేనే కదప్పా వాళ్ల ఊరు. దాటినాక చెప్తాలే" అన్నాడు నాయన.

ఆయనకు వంక దాటడమంటే ఎద్దులను ఏటి ఇసుకలోకి దించి, చక్రం కూరుకుపోతే భుజం పెట్టి లేపడం. లారీ వంతెన మీద దడదడమని పోయింది. దాటినట్టు కూడా ఆయనకు తెలియలేదు, పాపం.

ఊరి మొదట్లోనే కట్టెలు పట్టుకుని అడ్డం పడ్డారు. అందులో ఒకడి శనక్కాయలు నాయన ఎన్నోసార్లు బండికెత్తినవే.

"ఏంది మామా, నీవా! ఆ బొమ్మ పెట్టుకొని మా ఊళ్లోకే వస్తాండావా?" అన్నాడు వాడు.

నాయన దిగి దండం పెట్టాడు. "తెలీక జరిగిందప్పా. కాయలేం జేసినాయి? కావాలంటే నన్ను కొట్టండి."

కొట్టినా బాగుండేది. లారీ వెనక తలుపు విప్పి కాయలన్నీ రోడ్డు మీద పోశారు. డ్రైవరు మెడ మీద కత్తి పెట్టి, వాటి మీదుగానే లారీని ముందుకీ వెనక్కీ తోలించారు. నాయన టైర్లకు అడ్డం పోతుంటే పంచె పట్టుకుని లాగాను. "మీ చేతులు పడిపోను!" అని గొంతు చించుకున్నాను. వాళ్లు నవ్వుకుంటూ, నలగని కాయలు ఏరుకుని తిన్నారు.

బోరు వేయలేదు. తోట ఎండింది. నాయన చెట్లు కొట్టించి కట్టెల కింద అమ్మాడు.

కొన్నేళ్లకు ఆ నాయకులిద్దరూ ఒకే పార్టీ అయ్యారు. వియ్యం కూడా అందుకున్నారు! ఓట్లకు ఒకే జీపులో మా పల్లెకొచ్చారు. ఆ రోజు నేను పుట్టింట్లోనే ఉన్నాను. మిట్టమధ్యాహ్నం, మా అరుగు మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, "శానా ఎండగా ఉంది, చెంబెడు నీళ్లియ్యి తల్లీ" అన్నారు.

"ఇయ్యమ్మా" అన్నాడు నాయన.

"మా చెట్లకే లేకపాయె, మీకు యాడియి?" అని వాళ్ల మొహం మీదే తలుపేశాను.