ఛానా నీళ్ళ సుందరి

సుందరి పుట్టింది టికియాపారా రైల్వే క్వార్టర్సులో. తండ్రి పోలయ్య కుర్రతనంలోనే శ్రీకాకుళం పక్కనుంచి హౌరా వచ్చి, యార్డులో బోగీలు కడిగే పనిలో కుదురుకున్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ. సుందరి మూడూ గలగలా మాట్లాడుతుంది గానీ, తెలుగు చదవమంటే మాత్రం అక్షరాలు కూడబలుక్కుంటుంది. లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేస్తున్న ప్రవీణ్‌కుమార్‌తో పెళ్ళయింది. నిదానస్తుడు, మాట తక్కువ. కూతురు పూజిత బడికి వెళ్ళడం మొదలుపెట్టాక పగలంతా ఇంట్లో ఊరికే కూర్చోబుద్ధి కాక, సుందరి నిమాయ్ ఘోష్ మిఠాయి కార్ఖానాలో రసగుల్లాలు చుట్టే పనికి చేరింది.

ఆమె చుట్టిన ఉండ పాకంలో ఎంత ఉడికినా పగలదని పేరొచ్చింది. ఏళ్ళు గడిచేసరికి పాలు దించుకోవడం దగ్గర్నుంచి రసగుల్లా డబ్బాలకు సీలు వేయించడం దాకా పని మొత్తం ఆమె మీదికి వచ్చింది. నిమాయ్‌బాబుకు మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే వచ్చి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంటాడు. ఎవరేం అడిగినా ఒకటే జవాబు: "సుందరిని అడగండి."

కార్ఖానా ఉన్నది ఇరుకు సందులో. తెల్లవారుతూనే అక్కడ పాలు మరుగుతాయి. వాటిని పుల్లటి నీళ్ళతో విరగ్గొట్టి గుడ్డలో వడకడితే మిగిలే మెత్తని ముద్ద ఛానా. రసగుల్లాకైనా సందేశ్‌కైనా అదే ప్రాణం. గుడ్డలోంచి కారిపోయే పచ్చటి తేటను ఛానా నీళ్ళంటారు. అందులో కొంత పులియబెట్టి మర్నాటి పాలు విరగ్గొట్టడానికి దాచుకుంటారు. మిగిలినదంతా, అంటే వచ్చిన పాలలో చాలా భాగం, సందు పక్క కాలువలోకి పోయేది. తరాలుగా అంతే. దాని గురించి ఎవరూ ఆలోచించలేదు, సుందరితో సహా.

ఒక వానాకాలం ఆ కాలువ పూడిపోయింది. ఓ పొద్దున పెద్ద వాన పడి నీళ్ళు ఎదురుతన్నాయి. పక్కింట్లో అందరూ మాషీ, అంటే పిన్ని, అని పిలిచే మీనతి గడప బాగా పల్లంలో ఉంటుంది. వాననీళ్ళూ ఛానా నీళ్ళూ కలిసి పుల్లటి కంపుతో ఆమె ముందుగదిలోకి చేరాయి. ఆ జిడ్డు నేల మీద కాలు జారి పడిందావిడ. ఎముక విరగలేదు గానీ మణికట్టు వాచిపోయింది.

వాన వెలిశాక మాషీ కట్టు కట్టిన చేత్తోనే వచ్చి, పాలక్యాన్లు తెచ్చిన రిక్షాబండికి అడ్డంగా నిలబడింది.

"ఈ పాలు లోపలికి పోనివ్వను, నిమాయ్! నీ మిఠాయి ఊరంతా తింటుంది. కంపు మాత్రం నాకా?"

నిమాయ్‌బాబు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. "కాలువ తీయిస్తాను, మాషీమా."

"కాలువేం చేసింది? అందులో పోసేదెవరు?"

పూజిత చిన్నప్పుడు బడి వదిలాక తల్లి పని అయ్యేదాకా కూర్చున్నది మాషీ ఇంట్లోనే. అన్నం పెట్టి, బెంగాలీ అక్షరాలు దిద్దించింది ఆవిడే. సుందరి బకెట్టూ చీపురూ పట్టుకుని వెళ్ళి ఆ గది కడగడం మొదలుపెట్టింది. ఆ పులుపు వాసన రోజూ తన చీరకు అంటుకుని ఇంటికొచ్చేదే. అయినా ఇంకొకరి దేవుడి మూలలో ఆ వాసన తగిలేసరికి తల ఎత్తలేకపోయింది.

మధ్యాహ్నం నిమాయ్‌బాబు అన్నాడు, "ఇక చాలు సుందరీ. కార్ఖానా మూసేద్దామని మా అబ్బాయి ఎప్పట్నుంచో పోరుతున్నాడు. ఈ వయసులో ఇరుగుపొరుగుతో నేను తగువులాడలేను."

"దుర్గాపూజల దాకా ఆగండి, దాదా. ఆ నీళ్ళకి ఏదో ఒక దారి చూస్తాను."

"ఏం దారి?"

"ఇంకా తెలీదు" అంది సుందరి.

ఇంటికొచ్చేసరికి పోలయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రిటైరయ్యాక కూతురి దగ్గరే ఉంటున్నాడు.

"ఏటే అమ్మా, మొకం అలగెట్టీసినావు?"

జరిగింది చెప్పింది. ముసలాయన గెడ్డం గోక్కున్నాడు.

"ఆ నీల్లు ఎవులూ తాగరేటి? మనూర్ల మజ్జిగ తేట పారబోసీవోలమా?"

మర్నాడు సుందరి ఆ రోజు తీసిన ఛానా నీళ్ళు సీసాలో తెచ్చి, చింతపండు వేయకుండా, మిరియాలూ జీలకర్రా దంచి చారు పెట్టింది. పుల్లపుల్లగా కమ్మగా కుదిరింది. ప్రవీణ్‌కుమార్ మారు వడ్డించుకున్నాడు. ఆ ధైర్యంతో ఆమె ఛానా నీళ్ళలో ఉప్పూ పుదీనా కలిపి మట్టికప్పుల్లో పోయించి కార్ఖానా వాళ్ళ మిఠాయి దుకాణం ముందు పెట్టించింది. మొదట వచ్చిన పెద్దమనిషి కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"చిన్నప్పుడు విరేచనాలైతే మా అమ్మ పట్టించేది ఇది. ఇప్పుడు నా కడుపు బాగానే ఉందమ్మా" అని కిందపెట్టేసి, సందేశ్ కట్టించుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి కప్పులన్నీ అలాగే ఉన్నాయి. ఇంటికి వెళ్ళే దారి పొడుగునా సుందరికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మనుషులు కాదన్నదాన్ని గేదెలు కాదనలేదు. రైలు పట్టాల అవతల గొడ్లపాక ఉంది. దాని యజమాని యాదవ్ తవుడులో కలిపి చూస్తానని ఒక క్యాను పట్టుకెళ్ళి, మర్నాడు తనే బండి తోలుకొచ్చాడు. అయినా అతని గేదెలు తాగేది కొంతే. కాలువలోకి ఇంకా చాలానే పోతోంది.

అప్పుడు సుందరికి స్టేషను దగ్గర కచోరీలు వేసే హారూ గుర్తొచ్చాడు. పొద్దున్నుంచి అతను పిండి తడుపుతూనే ఉంటాడు. మంచినీళ్ళకు బదులు ఈ ఛానా నీళ్ళతో తడిపి చూడమంది. మొదటిరోజు కచోరీలు ఎర్రగా, గుల్లగా పొంగాయి. హారూ సంబరపడిపోయాడు. కానీ ఆ సంబరంలో మిగిలిన నీళ్ళు మర్నాటికి దాచుకున్నాడు. ఎండకు అవి బాగా పులిసిపోయాయి. పిండి జావలా సాగింది. తిన్నవాళ్ళు ఉమ్మేసి, విస్తళ్ళు అతని ముందే పడేసి వెళ్ళారు.

హారూ రుసరుసలాడుతూ కార్ఖానాకు వచ్చాడు. "నా బేరం నాశనం చేశావు, దీదీ!"

"తప్పు నాదే, హారూ. ఎంతసేపు నిలవుంటాయో చెప్పలేదు" అంది సుందరి. అప్పటికప్పుడు వడకట్టిన నీళ్ళు తీసుకుని అతని వెంట వెళ్ళింది. చేతులు కడుక్కుని తనే కూర్చుని పిండి తడిపింది. మొదటి వాయ దిగాక హారూ ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాడు. కోపం దిగింది గానీ వెంటనే ఒప్పుకోవడం ఇష్టం లేక, "ఉప్పు కొంచెం తగ్గింది" అన్నాడు.

ఆ రోజు నుంచి ఉదయం తీసింది ఉదయమే ఇచ్చేయడం, మిగిలింది గేదెలకు పంపడం నియమమైంది. హారూని చూసి ఆ వరసలో పరోటాలవాళ్ళూ అడగసాగారు.

ఒకరోజు పోలయ్య కూతురికి అన్నం క్యారేజీ పట్టుకుని కార్ఖానాకు వచ్చాడు. సీలు వేసిన రసగుల్లా డబ్బాలను మరిగే నీళ్ళలో ఉంచి, తరవాత చన్నీళ్ళ తొట్టిలో దించుతున్నారు. తొట్టిలోకి పైనుంచి కొళాయి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. నిండి పొర్లిన నీళ్ళు కాలువలోకి పోతున్నాయి. ముసలాయన వంగి అందులో చెయ్యి పెట్టాడు.

"ఈటికేటొచ్చిందే? తేటగున్నాయి గదా!"

"వేడెక్కిపోతాయి నాయినా. వేడి నీళ్ళల్లో డబ్బాలు చల్లారవు కదా."

"అయితే పారబోసీడమేనా? సలికాలం బోగీలు కడిగినప్పుడు గోరెచ్చని నీల్ల కోసం పడి సచ్చీవోలం మేం. పాల జిడ్డు సన్నీల్లకి వొదుల్తాదేటి?"

సుందరి తలతిప్పి చూసింది. గది రెండో పక్క పొయ్యి మీద, పాలక్యాన్లు కడగడానికి గంగాళంలో నీళ్ళు కాగుతున్నాయి. ఇన్నేళ్ళుగా ఈ పక్క వేడి నీళ్ళు పారబోస్తూ, ఆ పక్క చన్నీళ్ళు కాస్తున్నారు. తను రోజూ ఈ రెండింటి మధ్యనుంచే నడుస్తోంది.

"ముందు కడుగుడికి ఈటిని వాడీయండి. ఆకరికి మంచి నీల్లు కొట్టీయండి. మేం అలగే సేసీవోలం" అన్నాడు పోలయ్య.

నిమాయ్‌బాబు మాత్రం వెంటనే సరేననలేదు. "తిండి వస్తువు చేసే చోట వాడిన నీళ్ళా?" అని అనుమానపడ్డాడు. రోజూ తొట్టి ఖాళీ చేసి తోమిస్తాననీ, ఆఖరి కడుగు ఎప్పుడూ కొళాయి నీళ్ళతోనేననీ సుందరి నచ్చజెప్పింది. ఆయన లేచి వచ్చి, అలా కడిగిన క్యాన్లో తలపెట్టి వాసన చూసి, ఏమీ అనకుండా కుర్చీలోకి వెళ్ళిపోయాడు. అంటే ఒప్పుకున్నట్టే.

ఆదివారాలు ప్రవీణ్‌కుమార్ గొట్టాలూ రెంచీలూ పట్టుకుని వచ్చాడు. తొట్టి పొర్లు నీళ్ళు డ్రమ్ములో చేరేట్టు, అక్కడినుంచి క్యాన్లు కడిగే చోటికి వచ్చేట్టు బిగించాడు. మొదటిసారి జాయింటు ఊడి గదంతా వరదైంది. సుందరి కొంగు దోపుకుని నీళ్ళు తోస్తుంటే, అతను పైకి చూడకుండానే, "రైలింజను అయితే ఇలగ కారదు" అన్నాడు. పనివాళ్ళంతా పగలబడి నవ్వారు. క్యాన్లు కడిగిన నీళ్ళు కాలువలోకి పోయే ముందు ఆగడానికి చిన్న గుంట కట్టించారు. పైకి తేలిన మీగడ జిడ్డు అక్కడ తీసేస్తారు. అడుగు తేటతో బయటి గచ్చు కడుగుతారు.

పూజలొచ్చేసరికి కాలువలో పారేది సన్నగిల్లింది. విజయదశమి సాయంత్రం సుందరి పెద్దలకు దణ్ణం పెట్టే ఆనవాయితీ ప్రకారం మాషీ ఇంటికి వెళ్ళి కాళ్ళకు మొక్కింది. ఆ వాన రోజు తరవాత మాషీ ఆమెతో సరిగా మాట్లాడింది లేదు. ఇప్పుడు లేవనెత్తి నోట్లో సందేశ్ పెట్టింది.

"మీ కార్ఖానాదే. తిను. ఇంతకుముందు మీ మిఠాయి నోట్లో పెట్టుకుంటే ఆ కంపే గుర్తొచ్చేది" అంది. కాస్త ఆగి, "పూజితను తీసుకురాలేదేం? దానికి నారికేళ లడ్డూలు దాచాను" అంది. సుందరి కళ్ళు తుడుచుకుని, కూతుర్ని పిలవడానికి పరుగెత్తింది.

కార్ఖానా మూతపడలేదు. ఎండాకాలం కొళాయి నీళ్ళు చాలక నీళ్ళ బండి కోసం ఎదురుచూడటం బాగా తగ్గింది. క్యాన్ల కోసం విడిగా పొయ్యి వెలిగించడం మానేశారు. మూసేద్దామన్న నిమాయ్‌బాబు కొడుకే ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ ఆ గొట్టాలు చూపిస్తున్నాడు. అంతా చక్కబడిందనీ కాదు. అల్లుళ్ళ పండగైన జమాయ్ షష్ఠి ముందు పాలు రెట్టింపు వస్తాయి. ఛానా నీళ్ళు గేదెలకూ కచోరీలకూ కూడా ఎక్కువైపోయి, కొంత గుంట దాటి కాలువలో పడక తప్పదు. ఆ ముందురోజు సుందరి మాషీ గుమ్మం దగ్గర ఆగి, "రేపు కిటికీ మూసుకోండి, మాషీ" అని చెప్పి వెళ్తుంది. మాషీ తిడుతుంది, మూసుకుంటుంది.

ఈ మధ్య శిబ్‌పూర్ నుంచి ఇంకో మిఠాయి కార్ఖానా వాళ్ళు చూడటానికి వచ్చారు. ఏ కంపెనీ మిషను పెట్టారని అడిగారు. సుందరి నవ్వి డ్రమ్మూ గొట్టాలూ చూపించింది. పక్కనే ఉన్న పోలయ్య ఇక ఆగలేకపోయాడు. సగం తెలుగు, సగం హిందీ కలిపి, ముందు ఏ నీళ్ళు కొట్టాలో, ఆఖరికి ఏ నీళ్ళు కొట్టాలో చేతులూపుతూ చెప్పడం మొదలుపెట్టాడు. సుందరి బెంగాలీలోకి మార్చి చెబుదామని నోరు తెరిచింది. కానీ వాళ్ళు ఆయన చేతుల వంకే చూస్తూ ఒక్కొక్క గొట్టం వెంట నడుస్తున్నారు. ఇంతలో గుమ్మం దగ్గర పాలబండి బెల్లు మోగింది. ఆమె వాళ్ళను ఆయనకే వదిలేసి, క్యాన్లు దించుకోవడానికి వెళ్ళింది.