వార్తాపత్రికలో చుట్టిన సాక్సోఫోన్

విజయవాడ బస్టాండులో ఉదయం ఏడున్నరకి జగ్గయ్యపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ చింపి ఇచ్చాడు. జాజ్ వినడానికి జగ్గయ్యపేట వెళ్లేవాళ్లు కూడా ఉంటారా అని మీకు అనుమానం రావచ్చు. ఉంటారు. ఏడాదికోసారి, ఒక ఆదివారం, నలుగురం అక్కడ చేరతాం. ఏ వాద్యకారుడి ఏ ఆల్బం గొప్పదో తేల్చుకోవాలని పోతాం, తేల్చుకోకుండా తిరిగొస్తాం.

మా సభకు ఒక కట్టుబాటు ఉంది. రికార్డు అట్టకు వార్తాపత్రిక చుట్టాలి, లేబులు మీద కాగితం అంటించాలి. విన్నాక పదికి మార్కులు వేసి, అప్పుడు పత్రిక విప్పి అట్ట చూసుకోవాలి. వాద్యకారుడి పేరు మాత్రం పలకకూడదు, ఏడాది పొడవునా. పలికిన మనిషి అందరికీ టీ పెట్టాలి. పేరు చెవిన పడ్డాక పాట చెవికెక్కదని మా ఆతిథేయి కోటేశ్వరరావు గారి సిద్ధాంతం. రాసినా టీ పెట్టాల్సిందే కాబట్టి, ఇక్కడ పేర్లు మాత్రం నన్ను అడగకండి.

ఒళ్లో పలకలాంటి నా పొట్లం చూసి పక్కసీటావిడ ఉండబట్టలేకపోయింది. “పెళ్లి ఫోటోనా అమ్మా?”

“కాదండి, పాటల రికార్డు.”

“ఫోన్లో రావా ఏంటి?” అని నవ్వి, కంచికచర్లలో దిగిపోయింది.

నేను విజయవాడలో లెక్కల టీచర్ని. ఆ రికార్డు మొదటి జీతంతో కొన్నాను. ఒకే సాక్సోఫోన్, వెనక పియానో, డ్రమ్ములు. దాని రెండో వైపు నిండా గీతలు, సూది నిలవదు. కొన్నప్పటి నుంచీ మొదటి వైపే రోజూ సాయంత్రం వింటాను. అది వినని రోజు అన్నం తినని రోజులాగే ఉంటుంది.

నందిగామలో రాఘవయ్య బాబాయ్ ఎక్కారు. మిర్చి, పత్తి వేసే రైతు. వయసులో ఉండగా బొంబాయిలో ఉద్యోగం చేసి, డబ్బుకి బదులు ట్రంపెట్ పిచ్చి సంపాదించుకొచ్చారు. చేతిలో వేడి ఇడ్లీ పొట్లం, చంకలో ఆయన రికార్డు.

“ఏమ్మా, ఆ ఆవలింతల మనిషిని మళ్లీ మోసుకొచ్చావా?”

“మీ కేకల మనిషి కంటే నయం బాబాయ్. మావాడు ఊపిరి పీల్చుకుంటే చాలు, ఎక్కడున్నా గుర్తుపడతా.”

“పట్టకపోతే?”

నా నోరు ఊరుకోదు కదా. “ఈ రికార్డు ఏడాదిపాటు మీ ఇంట్లో ఉంటుంది. మరి మీరు మావాడికి ఐదు దాటి వేస్తే?”

“నేనా? వేస్తే నా ట్రంపెట్ రికార్డు నువ్వు పట్టుకెళ్లు!”

చిల్లకల్లు దాటేసరికి ఇడ్లీలు అయిపోయాయి, పందెం మిగిలింది.

కోటేశ్వరరావు గారిది వంటనూనెల హోల్‌సేల్ షాపు. ఆదివారం షట్టరు దించి ఉంటుంది. మేడ మీది గదిలో రికార్డ్ ప్లేయరు, కింద నుంచి వచ్చే వేరుశనగ నూనె వాసన. కోదాడ నుంచి గరికపాడు చెక్‌పోస్టు దాటి బైకు మీద వచ్చే యాదగిరి అప్పటికే చాప మీద తొడలు వాయించుకుంటున్నాడు. అతనికి డ్రమ్ములు తప్ప ఏవీ వినబడవు.

ముందు బాబాయ్ ట్రంపెట్. చెవులు దులిపినట్టయింది. బాగుందని లోపల అనిపించినా నాలుగే వేశాను. ఒంటిగంటకి భోజనాలు. గోంగూర పప్పు, పులిహోర, పెరుగు గారెలు. వడ్డిస్తూ రమాదేవి గారు, అంటే కోటేశ్వరరావు గారి భార్య, “నాకా బూరలన్నీ ఒకటేనండి. కానీ మీరు పైన పోట్లాడుకుంటుంటే వంట హుషారుగా సాగుద్ది” అన్నారు.

భోజనమయ్యాక కోటేశ్వరరావు గారు తన రికార్డు పెట్టారు. సాక్సోఫోనే. మెల్లగా, తొందరేం లేనట్టు మొదలైంది. నేను రెండు నిమిషాల్లో తీర్పు చెప్పేశాను.

“శ్రుతి ఉంది, ప్రాణం లేదండి. ఎవరో మావాణ్ణి అనుకరిస్తున్నారు, అంతే. రెండు మార్కులు.”

బాబాయ్ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. “ఎనిమిది. ఇదీ వాయించడమంటే! నీ ఆవలింతల మనిషి ఈయన దగ్గర పాఠం చెప్పించుకోవాలమ్మా.”

కోటేశ్వరరావు గారు పత్రిక విప్పారు. నా ఒళ్లో ఉన్న అట్టే! అదే రికార్డు.

“పోయిన నెల హైదరాబాదులో దొరికిందండి. మీకు రెండో వైపు లేదు కదా, విని సంతోషిస్తారని దాచి ఉంచి, ఇప్పుడు అదే పెట్టా” అన్నారు, తానేదో తప్పు చేసినట్టు.

యాదగిరి తొడ చరిచాడు. “ఇద్దరికిద్దరు మునిగిన్రు పో!”

నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. రోజూ దండం పెట్టుకునే మనిషిని ఎదురుగా పెట్టుకుని, నువ్వెవరని అడిగినట్టుంది. బాబాయ్ కండువాతో మొహం తుడుచుకుంటున్నారు. ఆయన భుజాలు కదలడం చూసి నేనూ ఆగలేకపోయాను. కడుపు పట్టుకుని నవ్వాం. రమాదేవి గారు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు.

మళ్లీ పెట్టమన్నాను. ఈసారి నోరు మూసుకుని విన్నాను. మూడో పాట మధ్యలో మావాడు ఒక స్వరం వదిలేసి, ఊపిరి పీల్చుకుని, తిరిగి అందుకున్నాడు. ఆ ఊపిరి నాకు తెలుసు. కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

నాలుగున్నర బస్సుకి బయల్దేరాం. పందెం పందెమే. నందిగామలో బాబాయ్ నా రికార్డు తీసుకుని దిగారు, ఆయన ట్రంపెట్ నా ఒళ్లోకి వచ్చింది.

“ఎండ తగలనివ్వకండి బాబాయ్. పైన పుస్తకాలు పెట్టకండి.”

“పసిపిల్లని అప్పజెప్తున్నట్టు చెప్తావేంటమ్మా? చూసుకుంటాలే.”

బస్సు కదిలాక ఒళ్లు తేలికైనట్టు, ఏదో పోగొట్టుకున్నట్టు కూడా అనిపించింది. జగ్గయ్యపేటలో చూడ్డానికి ఏముందని అడిగేవాళ్లకి నా దగ్గర పెద్ద జవాబేం లేదు. కానీ మనం తప్పని తేలినా ఇంత సంతోషంగా తిరిగొచ్చే ఊరు నాకు ఇంకొకటి తెలియదు.

గొల్లపూడి దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఫోను మోగింది. బాబాయ్. మాట కంటే ముందు వెనక నుంచి నా సాక్సోఫోన్ వినబడింది, మొదటి వైపు. ఈ పాటికి మా ఇంట్లో మోగాల్సిన పాట.

“వింటున్నావామ్మా?” అని, ఆ వాద్యకారుడి పేరు పలికారు. ఇన్నేళ్లలో మొదటిసారి. పూర్తి పేరు, చివర ‘గారు’ కూడా చేర్చి. “ఈయన ఇంత గొప్పగా వాయిస్తారని ముందే ఎందుకు చెప్పలేదే?”

నేనేం అనకముందే నాలుక కరుచుకున్నారు. “అయ్యో, పేరు చెప్పేశా!”

“నా టీలో పంచదార తక్కువ బాబాయ్” అన్నాను, ట్రంపెట్‌ని ఒళ్లో సర్దుకుంటూ.